ఆదివారం ఎవరి ఖాతాలో?

లలిత పాశమైలారంలోని ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో ప్రొడక్షన్ ప్లానింగ్ మేనేజరు. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎం.ఎస్సీ. చేసి పన్నెండేళ్లుగా అక్కడే పనిచేస్తోంది. ఉద్యోగం మానకుండా, వారాంతపు తరగతులకు వెళ్లి ఎం.బి.ఎ. చెయ్యాలని ఆమె ఆలోచన. పద్మ ఆమె ఆడపడుచు, వయసులో పెద్దది. హైదరాబాదులో సొంత ప్రాక్టీసున్న చార్టర్డ్ అకౌంటెంటు. ఆమెకు ఈ ఆలోచన నచ్చలేదు.

పద్మ: అప్లికేషన్ ఫీజు కట్టేశావా? ముందు అది చెప్పు. కట్టేసి ఉంటే నేను మాట్లాడటం దండగ.

లలిత: లేదు వదినా. కట్టేముందు మీతో ఒకసారి వాదించాలనుకున్నాను. మీ ముందు నిలబడగలిగితే ఇంటర్వ్యూ బోర్డు ముందు భయం ఉండదు.

పద్మ: పొగిడి పని జరిపించుకోకు. నీకు చదువు కావాలా, కాగితం కావాలా?

లలిత: రెండూ కావాలి. దాంట్లో సిగ్గుపడేదేముంది?

పద్మ: సిగ్గు కాదు, ఖరీదు. రెండిటి ధరలూ వేరు. చదువే కావాలంటే చవగ్గా దొరుకుతుంది. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో పుట్టింది మన హైదరాబాదులోనే, ఇప్పటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇగ్నో ఉంది, దాని ఎం.బి.ఎ. మొత్తం లక్షలోపే అయిపోతుంది. దూరవిద్యలో వచ్చిన డిగ్రీ కూడా మామూలు డిగ్రీతో సమానమేనని యు.జి.సి. 2022లో మళ్లీ చెప్పింది. నువ్వు చూస్తున్న వారాంతపు కోర్సులు 20 లక్షలు, కొన్నయితే 30 లక్షలు కూడా దాటుతున్నాయి. ఈ తేడా దేనికి కడుతున్నావు?

లలిత: పక్క సీట్లో కూర్చునేవాళ్లకి.

పద్మ: అంటే?

లలిత: పుస్తకం ఎక్కడైనా ఒకటే, ఒప్పుకుంటాను. కానీ మా ప్లాంటులో నాకు తెలిసింది ప్రొడక్షన్ వైపు నుంచి తెలిసిందే. మొన్న రివ్యూ మీటింగులో ఫైనాన్స్ ఆయన ‘మీ ఇంటర్మీడియట్ల స్టాకు వల్ల వర్కింగ్ క్యాపిటల్ ఇరుక్కుపోయింది’ అన్నారు. నాకు వెంటనే జవాబు రాలేదు. ఆ స్టాకు ఎందుకుందో నాకు తెలుసు, దాన్ని డబ్బు భాషలో ఎలా చెప్పాలో తెలియదు.

పద్మ: దానికి రెండేళ్లెందుకు? ఐదు నిమిషాలు చాలు. మీ స్టాకు ఎంతుంటుంది?

లలిత: 12 కోట్లు అనుకోండి.

పద్మ: బ్యాంకు వడ్డీ 10 శాతం వేసుకో. ఏడాదికి కోటీ 20 లక్షలు ఆ గోడౌన్లో కూర్చుని వడ్డీ తింటోంది. స్టాకు మూడో వంతు తగ్గిస్తే 40 లక్షలు మిగులుతాయి. ఇదే ఆయన చెప్పింది. ఇప్పుడు నీకూ తెలిసింది. ఫీజు కూడా అడగను.

లలిత: చూశారా, మీరూ ఫైనాన్స్ ఆయన చెప్పినట్టే చెప్పారు. 2020లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. మన బల్క్ డ్రగ్ దిగుమతుల్లో దాదాపు మూడింట రెండు వంతులు చైనావే. అక్కడ ఫ్యాక్టరీలు మూతపడగానే ఇక్కడ రియాక్టర్లు ఖాళీగా నిలబడే పరిస్థితి వచ్చింది. ఆ భయంతోనే కదా కేంద్రం ఆ ఏడాదే ముడి మందులు ఇక్కడే తయారుచేసేందుకు 6,940 కోట్ల ప్రోత్సాహక పథకం తెచ్చింది? అప్పుడు స్టాకున్న కంపెనీ బతికింది. మీ 40 లక్షల లెక్కలో ఆ నెల లేదు.

పద్మ: అలాంటి నెల పదేళ్లకోసారి వస్తుంది. వడ్డీ ప్రతినెలా వస్తుంది.

లలిత: సరిగ్గా ఈ వాదనే నాకు కావాలి. మీ లెక్కా తప్పు కాదు, నాదీ తప్పు కాదు. ఏ సరుకు ఎంత ఉంచాలి, దేన్ని వదులుకోవచ్చు అన్నది మధ్యలో ఎక్కడో ఉంది. దాన్ని ఒక బ్యాంకు మనిషి, ఒక సాఫ్ట్‌వేర్ మనిషి, ఒక ఆస్పత్రి నడిపేవాడు కలిసి కూర్చుని తేల్చుకుంటే వచ్చే తెలివి పుస్తకంలో రాదు.

పద్మ: ఆ వాదన మీ ఆఫీసులోనే పెట్టుకో. అక్కడ ఫైనాన్స్ ఉంది, పర్చేజ్ ఉంది, సేల్స్ ఉంది. జీతం ఇచ్చి మరీ వాదించుకోనిస్తారు.

లలిత: ఆఫీసులో వాదనకి హోదా ఉంటుంది వదినా. జి.ఎం. ఒకసారి ‘ఇంతే’ అన్నాక బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఫోన్లు చూసుకుంటారు. అక్కడ తప్పు మాట అంటే ఇంక్రిమెంటులో తేలుతుంది. తరగతిలో జి.ఎం. కూడా విద్యార్థే, నేనూ విద్యార్థినే. తెలియదని చెప్పగలిగే చోటు ఈ వయసులో ఇంకెక్కడ దొరుకుతుంది?

పద్మ: ఇది బాగుంది. దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు, వాయిదా వేస్తున్నాను. ఇప్పుడు కాగితం సంగతి. మైకేల్ స్పెన్స్ అని ఆర్థికవేత్త, 2001లో నోబెల్ పంచుకున్నాడు. డిగ్రీ మనిషికి ఏం నేర్పింది అన్నది పక్కన పెట్టి, ఆ మనిషి గురించి యజమానికి ఏం చెబుతోంది అని 1973లో అడిగాడు. కష్టమైన చదువు పూర్తిచేశాడంటే పనిలోనూ గట్టివాడే అయ్యుంటాడని యజమాని ఊహించుకుంటాడు. డిగ్రీ ఒక సంకేతం అన్నమాట. కానీ సంకేతం ఎవరికి అవసరం? ఎవరికీ తెలియని కొత్త కుర్రాడికి. నిన్ను మీ కంపెనీ పన్నెండేళ్లుగా చూస్తోంది. దానికంటే పెద్ద సంకేతం ఏ సంస్థ ఇస్తుంది?

లలిత: చూస్తోంది, నిజమే. ఏమని చూస్తోంది? ‘కెమిస్ట్రీ మేడమ్’ అని. బ్యాచ్ ఫెయిలైతే నన్ను పిలుస్తారు. కొత్త ప్లాంటు పెట్టాలా వద్దా అని కూర్చున్నప్పుడు పిలవరు. నన్ను ఎరగకపోవడం వాళ్ల సమస్య కాదు, ఎరిగిపోయామనుకోవడమే. పాత ముద్ర పోవాలంటే వాళ్లకి కొత్తది ఏదో కనబడాలి. మీ స్పెన్స్ గారు నా పక్షమే.

పద్మ: ఆ కుర్చీలో కూర్చోబెట్టేది డిగ్రీయేనా? బ్యాంకుల్లో చూడు. జె.ఎ.ఐ.ఐ.బి., సి.ఎ.ఐ.ఐ.బి. పరీక్షలు పాసైతే ఇంక్రిమెంట్లు ఇస్తామని నిబంధనల్లోనే ఉంటుంది. అది ఒప్పందం. మీ కంపెనీలో ఎం.బి.ఎ. చేస్తే ఏమిస్తారని ఎక్కడైనా రాసి ఉందా?

లలిత: లేదు.

పద్మ: అడిగావా?

లలిత: లేదు.

పద్మ: పాతిక లక్షలు పెట్టుబడి పెడుతున్నావు. కొనేవాడు ఉన్నాడో లేడో ఇంతవరకూ అడగలేదు. ఇంకో సంగతి. వారాంతపు కోర్సుల్లో చాలావాటికి క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ఉండవు. నువ్వు ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నావు కాబట్టి నీకు ఉద్యోగం చూపించడం వాళ్ల పని కాదు. ఈ పని విసుగొచ్చి ఇంకో రంగంలోకి దూకుదామని చేరేవాళ్లు అక్కడే దెబ్బతింటారు.

లలిత: నేను దూకడానికి చేరడం లేదు. ఉన్నచోటే ఇంకో మెట్టు ఎక్కాలని. అయినా అడగాల్సిన మాట అడగలేదు, అది నిజం. సోమవారం అడుగుతాను.

పద్మ: అడిగినప్పుడు వాళ్లు ‘సగం ఫీజు మేమిస్తాం, మూడేళ్లు ఉంటానని రాసివ్వు’ అంటే సంబరపడి సంతకం పెట్టకు. అలాంటి బాండ్లు చెల్లవని అందరూ ధీమాగా చెబుతారు. కానీ 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందనే చెప్పింది. మెట్టు ఎక్కడానికి చదువుతున్నావు. పైమెట్టు ఇంకో కంపెనీలో దొరికితే ఈ బాండు కాలు పట్టుకుంటుంది.

లలిత: అయితే అప్పు తీసుకుంటాను.

పద్మ: తీసుకో. చదువు అప్పు మీద పన్ను మినహాయింపు వడ్డీకే, అసలుకు లేదు. అదీ ఎనిమిదేళ్ల వరకే, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. నీ రిటర్ను నేనే వేస్తున్నాను. నువ్వు కొత్త విధానంలో ఉన్నావు. కాబట్టి నీకు వచ్చేది సున్నా. పైగా చేరబోయే సంస్థ ఇచ్చేది చట్టం గుర్తించిన డిగ్రీయా, ఉత్త సర్టిఫికెట్టా చూసుకో. సర్టిఫికెట్ అయితే ఫీజు మీద 18 శాతం జి.ఎస్.టి. పడుతుంది. 25 లక్షలకి నాలుగున్నర లక్షలు. గచ్చిబౌలి ఐ.ఎస్.బి. 2001 నుంచి నడుస్తోంది, ప్రపంచమంతా పేరుంది, కానీ చట్టం లెక్కన అది ఇచ్చేది ఎం.బి.ఎ. డిగ్రీ కాదు.

లలిత: ఐ.ఐ.ఎం.లు మాత్రం? 2018 జనవరి 31న వాటి చట్టం అమల్లోకి వచ్చేదాకా ఇచ్చినవి డిప్లొమాలేగా? అన్నేళ్లలో ‘నీది డిగ్రీ కాదు, ఇంటికి పో’ అన్న కంపెనీ ఒక్కటి చూపించండి.

పద్మ: కంపెనీ అనదు. రేపు నీకు పిహెచ్.డి. చెయ్యాలనో, కాలేజీలో పాఠం చెప్పాలనో బుద్ధి పుడితే అప్పుడు యూనివర్సిటీ అడుగుతుంది. దారులు మూసుకునే ముందు తెలిసి మూసుకోమంటున్నాను. హెన్రీ మింట్జ్‌బర్గ్ పేరు విన్నావా?

లలిత: కెనడా ప్రొఫెసరు. ఎం.బి.ఎ. చదువుని దులిపేసిన మనిషి.

పద్మ: ఆయనే. 2004లో ఏకంగా పుస్తకం రాశాడు. తరగతి గదిలో కూర్చోబెట్టి ఎవరినీ మేనేజరుగా తయారుచెయ్యలేరు, అది పనిలోనే రావాలి అని. మేనేజ్‌మెంట్ ఆచార్యుడే అంత మాటంటే నీకింకా ఆశ ఎందుకు?

లలిత: పుస్తకం సగమే చదివి మూసేసినట్టున్నారు. ఆయన తిట్టింది పని అనుభవం లేని కుర్రాళ్లని రెండేళ్లు గదిలో కూర్చోబెట్టి మేనేజర్లని పేరు పెట్టడాన్ని. ఆ చదువు నిజంగా ఉపయోగపడేది ఇప్పటికే పనిలో ఉన్నవాళ్లకి, ఉద్యోగం వదలకుండా, వాళ్ల సొంత అనుభవం మీద చర్చ పెడితేనే అన్నాడు. అలాంటి కోర్సు 1996లో తనే పెట్టి నడిపాడు కూడా. అసలీ పద్ధతి కొత్తదేం కాదు. షికాగో యూనివర్సిటీ ఉద్యోగస్తుల కోసం 1943లోనే, యుద్ధం జరుగుతుండగా, ఎం.బి.ఎ. మొదలుపెట్టింది.

పద్మ: సరే, మింట్జ్‌బర్గ్‌ని నీకే వదిలేశాను.

లలిత: ఇంకొకటి కూడా వదలండి. మీ సి.ఎ. ఎలా వచ్చింది? ఆర్టికల్‌షిప్ చేస్తూ కాదా? పొద్దున ఆడిట్లకు తిరగడం, రాత్రి పుస్తకాలు పట్టుకోవడం. మూడేళ్లు పని, చదువు కలిపి చేసినవాళ్లు నన్ను వద్దంటున్నారా?

పద్మ: చేశాను కాబట్టే అంటున్నాను. రెండు తేడాలున్నాయి. పొద్దున ఏ లెడ్జరు తిప్పానో రాత్రి ఆ పాఠమే చదివాను. ఒకటే విషయం. రెండోది, నాకప్పుడు ఇరవై రెండేళ్లు. రాత్రి పదకొండింటికి అమ్మ టీ పెట్టి బల్ల మీద పెట్టేది. పరీక్షల ముందు స్టడీ లీవు ఇచ్చేవారు. నీకు టీ ఎవరు పెడతారు?

లలిత: నేనే పెట్టుకుంటాను.

పద్మ: ఇదిగో, అసలు సంగతి ఇక్కడుంది. ఏడింటికి మియాపూర్లో కంపెనీ బస్సెక్కుతావు. సాయంత్రం ఏడింటికి దిగుతావు. బాబు ఆరో క్లాసు, లెక్కలు నువ్వు చెబితేగానీ వినడు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. రెండు వారాలకోసారి శని, ఆదివారాలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తరగతులు. మిగిలిన వారాల్లో రాత్రి తొమ్మిదింటికి గ్రూపు వాళ్లతో వీడియో మీటింగులు, అసైన్‌మెంట్లు. వారానికి పదిహేను గంటలు ఎక్కడి నుంచి తెస్తావు? రోజుకి ఉన్నవి ఇరవై నాలుగే. నువ్వు తీసుకునే ప్రతి గంటా ఎవరిదో ఒకరిది. ఫీజు బ్రోచర్లో వేస్తారు, ఇది వెయ్యరు. దీన్ని కూడా ఖర్చులో రాయి: అమ్మ గంటలు, బాబు గంటలు, మా తమ్ముడి గంటలు, నీ నిద్ర గంటలు.

లలిత: రాస్తాను. రాసేముందు ఒకటి అడగనా? మూడేళ్ల క్రితం మీ తమ్ముడు ప్రాజెక్టు పని మీద పూణె వెళ్లి ఏడాదిన్నర ఉన్నారు. నెలకి రెండుసార్లు వచ్చేవారు. ఆ ఏడాదిన్నరలో బాబు టీకాలు, అత్తయ్య స్కానింగులు, స్కూల్లో పేరెంట్స్ మీటింగులు అన్నీ నేనే, ఇదే ఉద్యోగం చేస్తూ. అప్పుడు ఈ ఖర్చుల పట్టిక ఎవరు వేశారు?

పద్మ: ఎవరూ వెయ్యలేదు.

లలిత: ఆయన వెళ్లడాన్ని ‘అవకాశం’ అన్నారు. అందరూ, మీతో సహా. నేను శనివారం గచ్చిబౌలి దాకా వెళ్లొస్తానంటే ‘ఖర్చు’ అయింది.

పద్మ: అన్నాను. ఫోన్లో కంగ్రాట్స్ కూడా చెప్పాను. నువ్వన్నది న్యాయమే. ఆ పాత బాకీ కూడా పట్టికలో ఎక్కాల్సిందే. కానీ లలితా, అతని ఖాతాలో బాకీ ఉన్నంత మాత్రాన నీకు నిద్ర దొరకదు. బాకీ ఉండటం వేరు, వసూలు కావడం వేరు. రాని బాకీలు నేను రోజూ చూస్తుంటాను.

లలిత: అందుకే వసూలు మార్గం చెప్పండి. మీ వృత్తే అది.

పద్మ: చెబుతాను, కానీ ఇది ఒప్పుకోలు కాదు. ఇప్పుడే ఏ కోర్సులోనూ చేరకు. ఐ.ఐ.టి.లు నడిపే ఎన్.పి.టి.ఇ.ఎల్.లో మేనేజ్‌మెంట్ కోర్సులున్నాయి. చేరడం ఉచితం, పరీక్ష రాస్తే వెయ్యి రూపాయలు. కాస్ట్ అకౌంటింగ్ మీద పన్నెండు వారాల కోర్సు ఒకటి తీసుకో. దాన్ని అసలు ఎం.బి.ఎ. అనుకుని చదువు: రెండు వారాలకోసారి శని, ఆదివారాలు పూర్తిగా ఇంటికి దూరంగా, ఏదో ఒక లైబ్రరీలో. వారం మధ్యలో రెండు రాత్రులు తలుపు వేసుకుని. పన్నెండు వారాలు ఇల్లు నడిచిందా, అప్లై చెయ్యి. నడవలేదా, 20 లక్షలు మిగిలాయి.

లలిత: బాగుంది. ఒక షరతు. ఈ పన్నెండు వారాల్లో పరీక్ష పెడుతున్నది నాకు కాదు, ఇంటికి. నేను నా పాఠం చదివి, ఇల్లు తడబడితే ‘లలిత వల్ల కాలేదు’ అని రాయకూడదు.

పద్మ: రాయను.

లలిత: అలాగే నేను వెళ్లిన శనివారం మీరొచ్చి వంట చెయ్యకూడదు. అత్తయ్య మీకు ఫోను చేస్తారు, నాకు తెలుసు. మీరు వచ్చి సర్దేస్తే లెక్క తప్పుతుంది.

పద్మ: అమ్మ ఫోను చేస్తే ఎత్తకుండా ఉండటం కష్టమే. అయినా సరే. కానీ ఫీజు విషయంలో మాత్రం నేను దిగిరాను. నీ ఏడాది చేతికొచ్చే జీతం దాటిన ఫీజు వద్దు. పక్క సీటు మనిషి విలువ నాకు అర్థమైంది, దానికి వాయిదా వేసిన జవాబు ఇప్పుడు చెబుతున్నాను: ఆ మనిషి ఖరీదైన కోర్సులోనే దొరుకుతాడని లేదు. ఉస్మానియాలో సాయంత్రం ఎం.బి.ఎ. చదివేవాళ్లు కూడా పగలు ఎక్కడో పనిచేసి వచ్చినవాళ్లే. నీ బ్యాంకు మనిషి, నీ ఆస్పత్రి మనిషి అక్కడా ఉంటారు.

లలిత: ఉంటారు. కానీ సాయంత్రం ఆరింటికి నేను ఇంకా పటాన్‌చెరు ట్రాఫిక్‌లో ఉంటాను. ఆ కోర్సు నగరం మధ్యలో ఉద్యోగం చేసేవాళ్లకి. ప్లాంట్లన్నీ ఊరవతల ఉన్నాయి. నాకు వారాంతమే దిక్కు, వారాంతం ఖరీదు.

పద్మ: అయితే వారాంతపు కోర్సుల్లోనే నీ జీతం దాటనిది వెతుకు. విశాఖ ఐ.ఐ.ఎం. లాంటి కొత్తవాటిని కూడా చూడు. పేరు కోసం పైన కట్టే ప్రతి లక్షకీ నాకు కారణం చెప్పాలి.

లలిత: వెతుకుతాను. దొరక్కపోతే మళ్లీ మీ దగ్గరికే వచ్చి వాదిస్తాను. ఈ పరిమితి మీద నేనింకా ఒప్పుకోలేదు.

పద్మ: రా. పన్నెండు వారాలయ్యాక కూర్చుందాం. పట్టిక నేను తెస్తాను.

లలిత: అప్పుడు మీ తమ్ముడిని కూడా కూర్చోబెట్టండి వదినా. ఇంతసేపూ ఆయన ఆదివారాల గురించి మనిద్దరమే మాట్లాడుకున్నాం.